షెన్ గారి పేరు చెడగొట్టింది మేమే

ఈ జర్మనీ దేశంలో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను. అందులో ఇరవై రెండేళ్లు కార్ల విడిభాగాల నాణ్యత చూసే పని. రిటైరైన ఏడాదే మా తెలుగు సంఘానికి రాశాను, కొత్తగా ఈ పనిలో చేరే పిల్లలకు నాలుగు మాటలు చెబుతానని. జవాబు లేదు. మళ్లీ రాస్తే బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. మూడోసారి రాస్తే "తప్పకుండా సార్" అన్నారు. తీరా జూమ్‌లో చూస్తే ఇళ్లు అమ్మే ఏజెంటు ఒకాయన గంటన్నర మాట్లాడాడు. నేను ఒక ప్రశ్న అడగబోతే నా మైకు ఆపేశారు. ఆపినవాడి పేరు నాకు గుర్తుంది.

ఇప్పుడు ఈ సంకలనం వేసేవాళ్లు అడిగారు. "మూడు పేజీలు సార్, కాస్త స్ఫూర్తినిచ్చేలా" అన్నారు. స్ఫూర్తి నా దగ్గర లేదు. ఒక చైనా మాట ఉంది. ఆ మాట నాకు నేర్పిన మనిషి ఉంది. ఆమెకు నేను చేసిన అన్యాయం ఉంది, దాన్ని సరిదిద్దమంటే నోరు మెదపని కంపెనీ ఉంది. నా దగ్గరున్నవి ఇవే. అక్కర్లేనివాళ్లు పేజీ తిప్పుకోవచ్చు.

అసలు ఉద్యోగం

ఇల్మెనౌలోనో కైసర్స్‌లౌటర్న్‌లోనో మాస్టర్స్ పూర్తిచేసి జిండెల్ఫింగెన్ వైపు ఉద్యోగానికి వచ్చే పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "అంకుల్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" ఏదో ఒకటి నేర్చుకోండి, ఐదేళ్లలో అదీ మారిపోతుంది. మారనిది ఇంకొకటుంది. మన ఉద్యోగం తప్పు ఎవరిదో తేల్చడం అని నియామక పత్రంలో ఉంటుంది. జీతం మాత్రం తప్పు మనది కాదని కాగితం మీద తేల్చినందుకు ఇస్తారు. ఈ రెండింటి మధ్య తేడా తెలియడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది.

పద్ధతి ఇది. బయటి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భాగంలో లోపం కనిపిస్తే వాళ్లకు ఫిర్యాదు పంపుతాం. వాళ్లు ఎనిమిది అంచెల రిపోర్టు రాయాలి. మా భాషలో ఎయిట్-డి. అందులో నాలుగో అంచె మూలకారణం. అది నాకు నచ్చకపోతే వెనక్కి కొడతాను. నచ్చేదాకా కొడతాను. నచ్చడం అంటే ఏమిటో ఆ ఫారంలో ఎక్కడా రాసి ఉండదు.

నూడుల్స్ కొట్టు బయట

కారు బంపర్ వెనక ఉండే సెన్సర్‌కు అగ్గిపెట్టెంత నల్ల ప్లాస్టిక్ డబ్బీ ఒకటి ఉంటుంది. మాకు ఆ డబ్బీలు చైనాలో నింగ్బో దగ్గరున్న ఒక చిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి. వాటికి మూత అంటించడం ఇక్కడ మా హాలులో. ఆ ఫ్యాక్టరీ షెన్ గారి మామగారు పెట్టింది. నాణ్యత విభాగం ఆమె చూసేది. పొట్టి జుట్టు, గట్టి గొంతు, ఎదురు ప్రశ్న వేయకుండా ఏ మాటా పూర్తిచేయని మనిషి.

కరోనాకు చాలా ముందు, మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు నేను సర్టిఫికెట్లు అడిగాను. ఆమె ఫైలు ముందు పెట్టింది. నేను అన్నీ తిరగేశాక ఇంగ్లిషులో అంది: "ఇవి చూశారు కదా. ఇప్పుడు బయటికి వెళ్లి అడగండి."

"ఎవరిని?"

"ఎదురుగా నూడుల్స్ కొట్టాయన్ని. లారీ డ్రైవర్లందరూ అక్కడే తింటారు. ఏ ఫ్యాక్టరీ సరుకు వెనక్కి వస్తుందో ఆయనకు తెలుసు."

కొట్టు దాకా తనే తీసుకెళ్లింది గానీ లోపలికి రాలేదు. తన గురించి అడిగే చోట తాను ఉండకూడదట. నేను, నా దుబాసీ లోపలికి వెళ్లాం. కొట్టాయన పిండి సాగదీస్తూనే చెప్పాడు: "వాళ్లా? వాళ్ల లారీ నిండుగా వెనక్కి రావడం నేను చూడలేదు. ఆ కోడలి నోరు మాత్రం మంచిది కాదు."

బయటికి రాగానే ఆమె అడిగింది. "నా నోటి గురించి చెప్పాడా?"

"చెప్పాడు."

"అయితే నిజమే చెప్పాడు. మిగతాది కూడా నమ్మండి."

ఆ సాయంత్రం ఆమె నాకు ఖోబెయ్ అనే మాట నేర్పింది. చైనా లిపిలో రెండక్షరాలు. మొదటిది నోరు. రెండోది శిలాఫలకం, మనకు శాసనాలు చెక్కిన రాయి లాంటిది. జనం నోళ్లలో చెక్కి ఉన్న పేరు అన్నమాట. పళ్ల డాక్టరుకు ఖోబెయ్ ఉంటుంది. వంటవాడికి ఉంటుంది. సినిమాకు, సెల్‌ఫోనుకు, ప్లాస్టిక్ డబ్బీకి ఉంటుంది. పేరుకు వాళ్ల దగ్గర ఇంకా మాటలున్నాయి. మింగ్‌షెంగ్ అంటే దూరానికి వినబడే పేరు, అది మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. మ్యెన్‌జ అంటే ముఖం, నలుగురి ఎదుట కాపాడుకునేది. ఖోబెయ్ ఈ రెండూ కాదు. మనం ఆ గదిలో లేనప్పుడు అక్కడ మన గురించి అనుకునేది ఖోబెయ్. "మా ఖోబెయ్ గొప్పది అని బోర్డు మీద రాసుకున్న కంపెనీలు బోలెడున్నాయి. నేను వాళ్ల దగ్గర మేకు కూడా కొనను" అంది. ఇప్పుడు ఫోన్లలో రేటింగు నక్షత్రాలు కొనుక్కుని దాన్నీ ఖోబెయ్ అంటున్నారని తిట్టింది కూడా.

మన సంగతి చూడండి. పరువు అనే మాట మనకు పోయినప్పుడే గుర్తొస్తుంది. ఉన్నన్నాళ్లూ దాని ఊసెత్తం. పోతే మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి ఏడుస్తాం. అదీ పని బాగా చేయలేదని కాదు, ఎవరో చూశారని. ఇక జర్మన్లు. పేరుకు వాళ్ల మాట రూఫ్. అది వాళ్లకు కంచె వేసిన స్థలం లాంటిది. ఎవరైనా అడుగు పెడితే వకీలు చేత ఉత్తరం రాయిస్తారు. అవతలివాడి స్థలంలోకి తాము బండి తోలినప్పుడు మాత్రం అది కంచె అని వాళ్లకు తట్టదు.

మూతలు ఊడిన చలికాలం

కరోనా వచ్చిన మొదటి మార్చిలోనే మమ్మల్ని ఇళ్లకు పంపేశారు. హాలులో మూతలు అంటించేవాళ్లు మాత్రం వచ్చేవారు, వాళ్లు కూడా వంతులవారీగా. నేను వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని నాణ్యత చూశాను. అలా చూడొచ్చని నమ్మాను కూడా. ఆ సంవత్సరం గడిచి జనవరిలో మూతలు ఊడటం మొదలైంది. బొటనవేలితో నెడితే చాలు, వచ్చేస్తున్నాయి.

ప్లాస్టిక్ ముక్క అచ్చులోంచి సులువుగా రావడానికి కొందరు ఒక నూనె చల్లుతారు. అది ముక్క మీద మిగిలిపోతే జిగురు పట్టదు. ఈ పనిలో ఉన్న ఎవరిని నిద్రలేపి అడిగినా మొదట చెప్పేది ఇదే. నేనూ అదే చెప్పాను. షెన్ గారి మొదటి రిపోర్టు "మా దగ్గర కారణం దొరకలేదు" అని వచ్చింది. వెనక్కి కొట్టాను. రెండోదీ అంతే. అప్పుడు వీడియోలో పిలిచాను.

"మిస్ షెన్, దొరకలేదు అనేది జవాబు కాదు."

"దొరకనప్పుడు అదే జవాబు, మిస్టర్ రావు. ఆ నూనె మేము మానేసి రెండేళ్లయింది. మీ హాలులో ఏమైనా మారిందా?"

"ఏమీ మారలేదు."

"వెళ్లి చూశారా?"

"ఇక్కడ లాక్‌డౌన్ ఉంది."

"అంటే చూడలేదు."

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్లుగా జర్మన్ల చేత ఇలాంటి ప్రశ్నలు వేయించుకున్నవాణ్ణి. ఈమె కూడానా అనిపించింది. చిన్నచూపు ఎక్కడి నుంచి వచ్చినా నేను లెక్క రాసుకుంటాను. అది చిన్నచూపు కాదు, మామూలు ప్రశ్న అని తెలుసుకునేసరికి ఆలస్యమైంది. మూడు రోజుల్లో సరైన మూలకారణం రాకపోతే కొత్త ఆర్డర్లు ఆగుతాయని ఆమెకు రాశాను.

మూడో రోజున రిపోర్టు వచ్చింది. నూనె మిగిలిపోయింది, కార్మికుడి పొరపాటు, శిక్షణ ఇచ్చాం, క్షమించండి. నేను కోరినదంతా అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఒప్పుకున్నారు కదా, ఇంకేం కావాలి అనుకుని సంతకం చేశాను.

మా పై అధికారి డాక్టర్ క్రామర్ ఆ రోజు ఒక్క మాట రాశాడు: "జౌబర్." శుభ్రంగా చేశావు అని. పదకొండేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే, అదీ తప్పు చేసినందుకు.

ఆయన అక్కడితో ఆగలేదు. ఆ రిపోర్టును మా గ్రూపులోని మిగతా ఫ్యాక్టరీలన్నిటికీ పంపి, షెన్ గారి కంపెనీ పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టించాడు. చైనాలోని మా కొనుగోలు ఆఫీసుకూ అది వెళ్లింది. ఆ ఊళ్లో నాణ్యత చూసేవాళ్లందరూ ఒకరికొకరు తెలుసు. టీ తాగుతూ అడుగుతారు, ఆ డబ్బీల వాళ్లు ఎలా ఉన్నారు అని. ఇప్పుడు చెప్పడానికి వాళ్ల దగ్గర ఒక మాట ఉంది, ఆ మాట మేమిచ్చింది.

ఫ్రావు మాయర్ గడియారం

నా ఆఖరి పనిదినం ఆ మార్చి చివర్లో. వీడ్కోలు కంప్యూటర్ తెర మీద ఏడు నిమిషాలు జరిగింది. అందులో రెండు నిమిషాలు క్రామర్ మైకు ఆన్ చేసుకోవడానికే పోయాయి. ఆ తర్వాత లాప్‌టాప్, గేటు కార్డు అప్పగించడానికి వెళ్లాను. ఏడాది తర్వాత ఆ గేటు దాటడం. దారిలోనే కదా అని మూతలు అంటించే హాలులోకి తొంగిచూశాను.

అక్కడ ఫ్రావు మాయర్ ఉంది, మన లెక్కన మాయర్ గారు. ఇరవై ఏడేళ్లుగా అంటించే బల్ల దగ్గర పనిచేస్తున్న మనిషి. మాస్కు వెనక నుంచే అరిచింది. "హెర్ రావు! బతికే ఉన్నారా? మమ్మల్ని వదిలేసి పోతున్నారట!"

నేను ఏదో అనబోతుంటే ఆమె బల్ల మీది వంటింటి గడియారం గణగణ మోగింది. మాట సగంలో వదిలేసి లేచింది, రెండు పెద్ద కిటికీలు బార్లా తెరిచింది. బయట చినుకులు, చలిగాలి. కిటికీ కింద వరసగా అట్టపెట్టెలు. మా డబ్బీలు.

"ఇదేమిటి?"

"లుఫ్టెన్. హైజీన్ ప్లాన్. ఇరవై నిమిషాలకోసారి ఐదు నిమిషాలు గాలి ఆడించాలి. నవంబరు నుంచీ ఇదే తంతు. జనవరిలో మేము కోట్లు వేసుకుని అంటించాం."

"పెట్టెలు ఎప్పుడూ ఇక్కడేనా?"

"లేదు, వెనక అరల్లో ఉండేవి. మనిషికీ మనిషికీ ఒకటిన్నర మీటర్లుండాలని అరలు తీసేశారు కదా. పెట్టెలకు చోటు ఇక్కడే దొరికింది."

"జనవరిలో వీటిని ముట్టుకుంటే ఎలా ఉండేవి?"

"మంచు ముక్కల్లా. కిటికీ మూసి హీటర్ వేడి తగలగానే పైన తడి వచ్చేది, కళ్లద్దాల మీద వచ్చినట్టు. చేతికి తెలిసినవి తుడిచి అంటించాం."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికి చెప్పను? మీరంతా ఇంట్లో ఉన్నారు."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. తడి మీద జిగురు పట్టదని ఈ పనిలో మొదటి వారంలోనే నేర్పుతారు. షెన్ గారు ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, వెళ్లి చూశారా అని. చూడటానికి నాకు ఇరవై నిమిషాల ప్రయాణం.

ఆ వారమే ఒక పొద్దున, చలి పూర్తిగా వదలకముందే, కిటికీ కింది పెట్టెలోంచి పది డబ్బీలకు, లోపలి గదిలో ఉంచిన పెట్టెలోంచి పది డబ్బీలకు మూతలు అంటించి చూడమని ఆమెను బతిమాలాను. అప్పటికి నేను ఉద్యోగిని కాను. ఆమె చేసింది. తర్వాత ఫోన్‌లో చెప్పింది. "కిటికీ పెట్టెవి ఆరు ఊడాయి హెర్ రావు. లోపలివి ఒక్కటీ ఊడలేదు. వాటిని ఊడదీయడానికి సుత్తి తేవాలా?"

డాక్టర్ క్రామర్ సలహా

అదే రోజు క్రామర్‌కు ఫోన్ చేశాను. మొత్తం విన్నాడు. ఆయనలో నేను ఒప్పుకునే మంచి గుణం అదొక్కటే, అడ్డు రాడు.

"ఫాల్ మూసేశాం" అన్నాడు. కేసు ముగిసిందని.

"తప్పు మనది. ఆ ఎర్ర గుర్తు తీయించాలి. తప్పు మాది అని వాళ్లకు ఉత్తరం రాయాలి."

"వాళ్లే ఒప్పుకున్నారు. వాళ్ల సంతకం ఉంది. కింద మీ సంతకం కూడా ఉంది."

"అందుకే అడుగుతున్నాను. నేను తప్పుగా సంతకం చేశాను."

"హెర్ రావు, మీరు రిటైరయ్యారు. వసంతం వచ్చేసింది. తోట లేదా మీకు?"

నాకు తోట లేదు. మూడో అంతస్తులో బాల్కనీ ఉంది. అయినా ఆయన అలా ఎందుకన్నాడో తెలుసు. ఆ హైజీన్ ప్లాన్ గీసింది ఆయనే. అరలు తీయించింది, పెట్టెల చోటు మార్చింది ఆయనే. ఆ ప్లాన్ మిగతా ఫ్యాక్టరీలకు ఆదర్శమని కంపెనీ పత్రికలో ఆయన ఫొటో వేశారు. కిటికీలు తెరవడం తప్పని నేను అనడం లేదు, అది మనుషుల ప్రాణాల కోసం. పెట్టెలు పక్కకు జరిపితే సరిపోయేది. జరిపారు కూడా. నేను ఫోన్ చేసిన మరుసటి వారమే పెట్టెలు గోడ వైపు మారాయని ఫ్రావు మాయర్ చెప్పింది. అంటే నా మాట నమ్మారు. ఉత్తరం మాత్రం రాయలేదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదవండి. ఇంతకన్నా ఆయన గురించి చెప్పాల్సింది లేదు.

వేసవికల్లా షెన్ గారి పాత కస్టమర్లు ఇద్దరు వెళ్లిపోయారు. డబ్బీలు పోసే అచ్చులు మా కంపెనీవి, వాటిని కూడా వాళ్ల ఫ్యాక్టరీ నుంచి విప్పించి వేరేవాళ్లకు ఇచ్చారు. నేను ఆమెకు జరిగింది జరిగినట్టు రాశాను. ఆమె వీడియోలో పిలిచింది.

"మిస్టర్ రావు, నేను ఎందుకు ఒప్పుకున్నానో తెలుసా? మా మామగారు చెప్పారు. కస్టమర్ ముఖం నిలబెట్టు, మన ఖోబెయ్ మనకుంది అన్నారు. ముప్పై ఏళ్ల ఖోబెయ్‌ని ఒక్క కాగితం ఏం చేస్తుందిలే అనుకున్నారు."

"ఇప్పుడేమంటున్నారు?"

"మధ్యాహ్నం నూడుల్స్‌కు వెళ్లడం మానేశారు."

నేను నా పేరు మీద ఒక ఉత్తరం రాసి సంతకం చేసి పంపాను. ఆమె తీసుకుంది గానీ ఉన్నమాట చెప్పింది. అక్కడ సంతకానికి విలువ లేదు, కంపెనీ ముద్ర ఉండాలి. ముద్ర లేని కాగితం చూపిస్తే ముసలాయన ఎవరో జాలిపడి రాశాడంటారు. ఆమె నష్టపరిహారం అడగలేదు, ఆర్డర్లు అడగలేదు. "తప్పు మాది, మీది కాదు" అనే ఒక్క వాక్యం, కింద ముద్ర. నలుగురికి చూపించుకోవడానికి.

శ్రీకాంత్

నా కుర్చీలో ఇప్పుడు కరీంనగర్ అబ్బాయి శ్రీకాంత్ ఉన్నాడు. ఇల్మెనౌలో చదివాడు, తెలివైనవాడు. కరోనా కొంచెం తగ్గాక జిండెల్ఫింగెన్‌లో ఒక పార్కులో కలిశాం, బెంచీకి ఆ చివర ఒకరం ఈ చివర ఒకరం.

"ఫైల్ మొత్తం చదివిన సార్. మీరు చెప్పిందే కరెక్ట్."

"అయితే రాయి."

"గట్లెట్ల రాస్త సార్? నా ప్రోబెట్సైట్ ఇంక రెండు నెలలుంది. ఈడ ఉండనిచ్చే బ్లూ కార్డ్ ఈ కంపెనీ మీదనే ఉంది. పాపకు ఇప్పుడిప్పుడే డేకేర్ల సీటు దొరికింది. క్రామర్ సార్‌కు ఎదురువోతే నన్నెవలు చూస్తరు?"

"ప్రొబేషన్ అయ్యాక రాస్తావా?"

"అయినంక చూద్దాం సార్. మీ మీద నాకు మస్తు రెస్పెక్ట్ ఉంది."

ఆ రెస్పెక్ట్ నాకు అక్కర్లేదు. ప్రొబేషన్ అయిపోయి ఏడాది దాటింది. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానని మెసేజ్ పెడతాడు. ఆదివారం కూడా. అతని భయం నాకు అర్థం కాలేదని కాదు. అదే భయంతో నేను ముప్పై ఏళ్లు బతికాను. క్రామర్ మెచ్చుకోవాలని వంటింట్లో కూర్చుని ఒకామె చేత చేయని నేరం ఒప్పించాను. ఆ పని ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి కాబట్టే అతన్ని వదలడం లేదు.

ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాను. క్రామర్‌కు, ఆయన పై అధికారికి, కొనుగోలు విభాగానికి. అందినట్టు రసీదులు మాత్రం వచ్చాయి. "రిటైరైంది మీరండీ, మీ ఈమెయిల్ ఇంకా డ్యూటీలోనే ఉంది" అంటుంది మా ఆవిడ. అననివ్వండి.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది కొంచెమే. ఒప్పుకోలు రుజువు కాదు, ముఖ్యంగా ఆర్డరు ఆపుతామని బెదిరించి రాయించుకున్నది. హాలుకు వెళ్లండి. చేతులకు జిగురు అంటుకునే మనుషుల్ని అడగండి, వాళ్లు చెప్పడానికి సిద్ధంగానే ఉంటారు, అడిగే దిక్కే ఉండదు. ఇంకొకటి. మీరు ఒక పేరు పక్కన గుర్తు పెట్టినప్పుడు, ఆ పేరుగల మనిషి ఆ గదిలో ఉండదు. మీరు ఏది రాస్తే అదే ఆమె తరఫున మాట్లాడుతుంది.

శ్రీకాంత్, ఈ సంకలనం నీకు వస్తుంది, పంపేవాళ్ల జాబితాలో నీ పేరు చూశాను. ఫైలు నీ దగ్గరుంది. ముద్ర నీ పక్క గదిలో, క్రామర్ సెక్రటరీ బల్ల సొరుగులో ఉంటుంది. పదకొండేళ్లు చూశాను, నాకు తెలుసు. ఈ పేజీలు జర్మన్‌లోకి మార్చి డాక్టర్ క్రామర్‌కూ పోస్టు చేస్తున్నాను, కాబట్టి తెలియదనే వీలు ఆయనకూ లేదు. షెన్ గారి మామగారికి ఎనభై ఒకటి. ఆయన మళ్లీ తలెత్తుకుని ఆ వీధి దాటి ఎదురు కొట్టుకు వెళ్లాలంటే ఒక్క వాక్యం కావాలి. మీ ఇద్దరిలో ముద్ర ఎవరు వేస్తారు? ఏ రోజు వేస్తారు? రసీదు కాదు, జవాబు రాయండి.